రత్నకుమారి ఏడు గాజుగిన్నెలు

కెనడాలో హామిల్టన్ తెలుగువాళ్ళలో రత్నకుమారిని ఎరగనివాళ్ళు తక్కువ. ఆవిడ చేసే ఉద్యోగం ఏమిటో సరిగ్గా తెలిసినవాళ్ళు అంతకంటే తక్కువ. యూనివర్సిటీలో పని అంటే కొందరు పాఠాలు చెబుతుందనుకున్నారు. ల్యాబ్ అంటే మరికొందరు రక్తపరీక్షలనుకుని, నలుగురూ కలిసే భోజనాల దగ్గరికి తమ షుగర్ రిపోర్టులు పట్టుకొచ్చి చూపించేవారు. ఆవిడ కూడా ఊరుకునేది కాదు. కళ్ళజోడు సవరించుకుని ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదివి, "స్వీటు తగ్గించండి వదినగారూ" అని పంపించేది. ఆ మాట చెప్పడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు కదా!

నిజానికి ఆవిడ పని జంతుశాస్త్రం క్లాసులకు సరంజామా సిద్ధం చేయడం. ఈ రోజు వానపాము, ఎల్లుండి బొద్దింక. ఏ రోజు పిల్లలు ఏది చూడాలో అది ట్రేలలో సర్ది, మైక్రోస్కోపులు తుడిచి, క్లాసయ్యాక గాజుసామానంతా కడిగి బోర్లించాలి. కాకినాడలో బీయస్సీ జువాలజీ ఫస్టుక్లాసులో పాసైన మనిషి, ఈ దేశం వచ్చిన కొత్తలో ఆసుపత్రి వంటింట్లో రోగుల పళ్ళేలు కడిగింది. మొగుడు అమరేశ్వరరావుకి స్టీలు ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఆ తర్వాత యూనివర్సిటీలో గాజుసామాను కడిగే పనిలో చేరింది. అంటుకీ అంటుకీ తేడా ఏముంది అని చుట్టాలు వేళాకోళం చేస్తే, "ఇక్కడి అంట్లలో నా చదువుంది" అనేది. ఆ మాటలో ఎంత అభిమానముందో వాళ్ళకేం తెలుసు!

ఆవిడ ప్రాణమంతా మూడో అంతస్తులో ఒక చల్లటిగదిలో ఉండేది. అక్కడ అలమరలో ఏడు గాజుగిన్నెలు, వాటి నిండా ఉప్పునీళ్ళు. గిన్నెల లోపలి గోడలకు తెల్లటి చుక్కలు, నువ్వుగింజ పాటివి. తెలియనివాళ్ళు చూస్తే గిన్నెకు పాచి పట్టిందనుకుంటారు. ఆ చుక్కలే జెల్లీఫిష్‌లు.

కాస్త ఓపిక పట్టండి, ఇది చెప్పకపోతే తర్వాతి కథ తలకెక్కదు. జెల్లీఫిష్ అసలు చేపే కాదు. దానికి ఎముక లేదు, గుండె లేదు, మెదడు లేదు. తినడానికీ విసర్జించడానికీ ఒకటే నోరు. పగడాలు, సముద్రపు రాళ్ళమీద పువ్వుల్లా విచ్చుకునే అనిమోన్లు, మన చెరువునీళ్ళలో ఆకుల్ని పట్టుకుని వేలాడే హైడ్రాలు, అన్నీ దాని చుట్టాలే. వీళ్ళందరినీ ఒక ఇంటివాళ్ళను చేసేవి ఒంటిమీద ఉండే కుట్టే కణాలు, దంశకణాలు. రత్నకుమారి చదివిన రోజుల్లో ఈ వర్గాన్ని సీలెంటరేటా అనేవారు. కుట్టడం చేతకాక జిగురుతో ఎర పట్టే కోంబ్ జెల్లీల్ని కూడా ఆ వర్గంలోనే కలిపేశారు, మెత్తగా గాజులా ఉన్నవన్నీ ఒకటేలే అనుకుని. తర్వాత పెద్దలు వాటిని వేరుకాపురం పెట్టించారు. మిగిలిన కుట్టే కుటుంబానికి నిడేరియా అని పేరు నిలిచింది.

గొడుగులా తేలుతూ మనకు కనిపించే జెల్లీఫిష్ కొన్ని నెలల ముచ్చట. దాని అసలు కాపురం నీటి అడుగున ఉంటుంది. ఏ రాతికో రేవు చెక్కకో అంటుకుని రెండు మిల్లీమీటర్ల చుక్కలా ఉంటుంది. దాన్ని పాలిప్ అంటారు. అది ఒంటినుంచి మొగ్గ తొడిగి తనలాంటి దాన్నే ఇంకొకదాన్ని పుట్టిస్తుంది, అది మరొకదాన్ని. అలా ఏళ్ళు గడుస్తాయి. చలి తగిలినప్పుడు దాని ఒంటికి అడ్డంగా నొక్కులు పడి, ఇడ్లీ స్టాండులో పళ్ళేల్లా దొంతరగా తయారవుతుంది. పై పళ్ళెం ముందు, కింది పళ్ళెం తర్వాత, ఒక్కొక్కటే విడివడి ఈదుకుంటూ పోతాయి. ఎనిమిది చేతుల ఆ పిల్లను ఎఫైరా అంటారు. అది పెరిగితేనే మనమెరిగిన జెల్లీఫిష్.

ఆ ఏడు గిన్నెల్లోవీ అరీలియా అనే రకానివి. 1983లో డాక్టర్ ఐలీన్ అనే ప్రొఫెసర్ కెనడా తూర్పుతీరాన ఒక చిన్న రేవులో, చెక్కదుంగ కిందనుంచి గీకి తెచ్చినవి. వాటి మనవలూ మునిమనవలూ అనకండి. మొగ్గకు మొగ్గగా, ముక్కకు ముక్కగా, అవే ఇవి. ప్రతి గిన్నె మీదా ఐలీన్ చేతిరాతతో లేబుల్ ఉంది. రేవు పేరు, తేదీ, నీటి చల్లదనం.

2009లో ఐలీన్ రిటైరవుతూ వాటిని ఏ ప్రొఫెసర్‌కీ ఇవ్వలేదు. గాజుసామాను కడిగే రత్నకుమారిని పిలిచి గది తాళంచెవి చేతిలో పెట్టింది. డిపార్ట్‌మెంటంతా ముక్కున వేలేసుకుంది. కారణం చిన్నదే. పనిలో చేరిన మొదటివారం, ఎవరో పొరపాటున సింకు పక్కన పెట్టిపోయిన గిన్నెను రత్నకుమారి చేతిలోకి తీసుకుంది, వెలుతురుకు పట్టి చూసింది, చెయ్యి తుడుచుకుని నేరుగా ఐలీన్ గదికి వెళ్ళి "ఇది కడగమంటారా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నే ఆవిడకు ఉద్యోగంలో మెట్టు, ఈ పరాయి ఊళ్ళో ఒక గౌరవం తెచ్చిపెట్టింది.

పద్నాలుగేళ్ళు వాటిని కంటికి రెప్పలా చూసుకుంది. మంచుతుఫానుకి బస్సులు ఆగిపోయిన రోజున గంటన్నర నడిచి వెళ్ళి మేత వేసింది. ప్రతి జనవరిలో గది చల్లదనం కొంచెం కొంచెంగా పెంచడం, మార్చిలో పుట్టిన పిల్లల్లో కొన్నిటిని సీసాలో పోసుకుని ఐలీన్‌కి చూపించిరావడం, ఇవి తప్పని మొక్కుబడులు. ఒకే ఒక్క దోషముంది ఆవిడలో. వాటిని ఎవరికీ ఇవ్వదు. టొరంటోలో ఇదే పని చేసే అచ్యుత్ అనే అతను రెండుసార్లు అడిగాడు. "మేడమ్, ఒక చిటికెడు ఇవ్వండి. మీ దగ్గర ఏమైనా అయితే నా దగ్గరుంటాయి" అన్నాడు. "వాటికి ప్రయాణం పడదు బాబూ" అని దాటేసింది. పడక కాదు. తన దగ్గర మాత్రమే ఉన్నాయన్న గొప్ప ఎక్కడ పోతుందోనని. మనిషన్నాక ఆ మాత్రం స్వార్థం ఉంటుంది, కానీ దానికి కట్టవలసిన సుంకం మాత్రం ఎవరికీ తగ్గదు.

2022 సెప్టెంబరులో ఊరు ఊరంతా మారిపోయింది. బస్సెక్కితే తెలుగు, కాఫీ లైన్లో నిలబడితే తెలుగు. ఒక్కో బేస్‌మెంటులో అయిదుగురు ఆరుగురు పిల్లలు. మూడు బ్యాచీల జువాలజీ ల్యాబు ఏడు బ్యాచీలైంది. రత్నకుమారికి తలప్రాణం తోకకొచ్చింది. ఒక సహాయం కావాలని నెత్తీ నోరూ కొట్టుకుంటే, చివరికి వారానికి పన్నెండు గంటలకు ఒక స్టూడెంటును ఇచ్చారు. ఆ అమ్మాయి పేరు కావ్యశ్రీ, ఊరు జగిత్యాల. మాస్టర్స్‌కి వచ్చింది. ఇంటర్ బైపీసీలో జువాలజీకి అరవైకి అరవై.

"అరీలియా జీవితచక్రం వచ్చా అమ్మాయ్?" అని అడిగింది రత్నకుమారి మొదటిరోజు.

ఆ పిల్ల మార్కర్ తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది. అయిదు నిమిషాల్లో బోర్డంతా నిండింది. గొడుగు జెల్లీఫిష్, దాని గుడ్డు, అందులోంచి వచ్చి ఈదే ప్లానులా, బూర ఆకారంలో పాలిప్, దొంతర పళ్ళేలు, ఎఫైరా, చుట్టూ బాణాలు, ప్రతి భాగానికీ పేరు. 'పటము గీచి భాగములను గుర్తింపుము' అంటే ఇలా ఉండాలి అనిపించేలా గీసింది. రత్నకుమారికి కళ్ళు చెమర్చాయి. కాకినాడ కాలేజీలో తను కూడా ఇలాగే గీసేది. ఈ పిల్లకి ఇక చెప్పాల్సిందేముంది అనుకుంది. అదీ ఆవిడ చేసిన తప్పు.

ఫిబ్రవరిలో కాల్గరీలో ఉన్న కూతురు మృదులకు పురుడు. రత్నకుమారి మూడు వారాలు సెలవు పెట్టింది. తలుపు మీద కాగితం అంటించింది. మంగళవారం, శుక్రవారం మేత. మేత వేసిన రెండు గంటలకు సగం నీళ్ళు మార్చాలి. గది చల్లదనం ముట్టుకోకూడదు. అప్పటికే పాలిప్‌లు గోధుమరంగుకు తిరుగుతున్నాయి, నాలుగు వారాల్లో దొంతరలు కడతాయి. గిన్నెలు తోమకూడదని ఆ కాగితంలో రాయలేదు. ఎవరైనా తోముతారని కలలో కూడా అనుకోలేదు గనక.

మార్చి మొదటి సోమవారం ఉదయం రత్నకుమారి తిరిగొచ్చింది. కోటు కూడా విప్పకుండా గది తాళం తీసింది. అలమరలో ఏడు గిన్నెలూ తళతళలాడుతున్నాయి. నీళ్ళు నిండుగా ఉన్నాయి. గోడలకు ఒక్క చుక్క లేదు.

గిన్నె పైకెత్తి వెలుతురుకు పట్టింది. రెండోది ఎత్తింది. ఏడోది ఎత్తేసరికి నీళ్ళు ఒలికి కోటు తడిసింది. వెనకనుంచి కావ్యశ్రీ గొంతు హుషారుగా వినిపించింది.

"ఆంటీ, వచ్చిన్రా! బాబు మంచిగున్నడా? గిన్నెలు చూసిన్రా? మొత్తం పాచి పట్టినయ్ ఆంటీ. మొదలు తెల్లగుండె, తర్వాత మట్టిరంగుకొచ్చింది. మీరొచ్చి చూస్తే ఇట్ల ఉంచినవేంది అంటరని శుక్రవారం కూసొని అన్ని మంచిగ తోమిన."

"దేంతో తోమావు?" అని అడిగింది రత్నకుమారి.

"స్క్రబ్బర్‌తోని, వేడినీళ్ళతోని. లోపలున్న వాటికేం కాలే ఆంటీ. నీళ్ళు పారబొయ్యలే. మొదలే బకెట్ల పట్టిన. గిన్నెలు తోమినంక మళ్ళ అవే నీళ్ళు పోసిన. ఒక్క చుక్క గూడ కింద పడలే."

నీళ్ళు దాచింది! ప్రాణాల్ని తోమి సింకులో వదిలి, నీళ్ళను అమృతంలా దాచింది. రత్నకుమారికి మొదట నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. కుర్చీలో కూలబడింది.

"తెల్లచుక్కలే పాలిప్‌లు కావ్యా. ఆ పాచే అవి."

ఆ అమ్మాయి మొదటిరోజు తను పటం గీసిన బోర్డు వైపు చూసింది, గిన్నెల వైపు చూసింది. పుస్తకంలో పాలిప్ అరపేజీ బొమ్మ. మూతి చుట్టూ మీసాల్లాంటి తంతువులు, కింద కాడ, పక్కన బాణం గుర్తులు. తను పరీక్షలో గీసినది జానెడు. చలి పెరిగాక నీళ్ళలోంచి జానెడు పాలిప్ ఒకటి పైకి లేస్తుందని మూడు వారాలు ఎదురుచూసింది పాపం. ఆ నమ్మకంతోనే ప్రతి మంగళవారం, శుక్రవారం భక్తిగా మేత వేసింది.

"నువ్వు చదివింది చదువేనా?" అని రత్నకుమారి అరిచింది. ఆవిడ ఎప్పుడూ ఎవరిమీదా అంత గొంతు ఎత్తలేదు. "అరవైకి అరవయ్యా? ఎవడు వేశాడే నీకా మార్కులు!"

"మాకెవ్వరూ చూపెట్టలే ఆంటీ." అంది కావ్యశ్రీ. "ఎంతుంటదో ఎవ్వరూ చెప్పలే. గీయమన్నరు, గీసినం."

రత్నకుమారి కోటు విప్పి కుర్చీకి తగిలించింది. ఇరవయ్యేళ్ళ వయసులో కాకినాడలో తనకి కూడా ఎవరూ చూపించలేదు.

మూడు రోజులు ఆవిడ ఇంటికి సరిగ్గా వెళ్ళలేదు. ఆ దాచిన నీళ్ళను చెంచా చెంచాగా పళ్ళెంలో పోసుకుని మైక్రోస్కోపు కింద వెతికింది. పాలిప్ తెగిన ముక్కనుంచి కూడా మళ్ళీ మొలుస్తుంది, అదీ దాని మొండితనం. రెండో రోజున ఒక చిన్న ముక్క దొరికింది, దానికి రెండు తంతువులు. కావ్యశ్రీ పక్కనే నిలబడి చూసింది. ఇద్దరూ దానికి వేరే చిన్న పళ్ళెం పెట్టారు. గురువారం ఉదయానికి అది కరిగి నీళ్ళలో కలిసిపోయింది. నలభై ఏళ్ళుగా చావెరుగని ప్రాణం, ఒక శుక్రవారం మధ్యాహ్నం స్క్రబ్బర్‌తో పోయింది.

ఆ రోజే ఐలీన్ ఉండే వృద్ధుల హోమ్ నుంచి ఫోను. పెద్దావిడ బాగా నీరసించింది, మీ పిల్లల్ని ఎప్పుడు తెస్తారని రోజూ అడుగుతోంది, వీలైతే ఈ ఆదివారమే రండి అని నర్సు చెప్పింది.

రత్నకుమారి ఫోను పెట్టేసింది. ఎనభై ఏడేళ్ళ మనిషికి, రేపో మాపో అన్న మనిషికి, వెళ్ళి ఏమని చెప్పాలి? మీరు నమ్మి నా చేతిలో పెట్టినవి పోయాయని చెప్పాలా? డిపార్ట్‌మెంటులో తెలిస్తే ఆ చల్లటిగది ఉంచరు, ఇంకో క్లాసుగది కావాలని ఎప్పటినుంచో కన్నేశారు. ఈ పిల్లను పనిలోంచి తీసేస్తారు. కానీ అవన్నీ తర్వాత సంగతులు. ఐలీన్ కళ్ళలోకి చూడటమే ఆవిడకు అన్నిటికంటే భయం.

రాత్రి భోజనాల దగ్గర అమరేశ్వరరావు తేల్చేశాడు. "ఆ ముసలావిడ మనసు కష్టపెట్టి నువ్వు బావుకునేదేముంది? టొరంటో కుర్రాడి దగ్గర్నుంచి తెచ్చి చూపించు. చూసి సంతోషిస్తుంది. పోయేవాళ్ళకి నిజాలెందుకు?"

మాట తీసిపారేయదగ్గదిగా అనిపించలేదు. ఎందుకంటే అరీలియాల్లో ఉన్న మాయ అది. ఒకప్పుడు లోకంలో ఉన్న ఆ రకాలన్నీ ఒకటే జాతి అనుకున్నారు. జన్యువులు పరీక్షించడం వచ్చాక, పాతిక పైచిలుకు జాతులుగా విడగొట్టారు. కానీ కంటికి అన్నీ ఒకటే. ఎంత పండితుడైనా ఎఫైరాను చూసి ఇది ఏ సముద్రానిదో చెప్పలేడు. సీసామీద లేబుల్ ఏం చెబితే అదే నిజం.

శనివారం అచ్యుత్ దగ్గరికి వెళ్ళింది. అతను ముప్ఫై పిల్లలున్న సీసా ఇచ్చాడు, జరిగింది విని తల పట్టుకున్నాడు. "నేనడిగినప్పుడు ఇచ్చుంటే, ఇవాళ మీవే మీకు తిరిగిచ్చేవాణ్ణి కదా మేడమ్" అన్నాడు. ఎత్తిపొడుపుగా కాదు, బాధగానే అన్నాడు. రత్నకుమారి తల వంచుకుని సీసా పుచ్చుకుంది. తిరిగొచ్చి ఆ పిల్లల్ని ఏటా ఐలీన్‌కి తీసుకెళ్ళే సీసాలోకి మార్చింది. దానిమీద 1983 లేబుల్ అలాగే ఉంది.

ఆదివారం కావ్యశ్రీని కూడా తీసుకెళ్ళింది. సీసా కుదుపులకు ఒలక్కుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. బస్సు కొండ ఎక్కుతుండగా, "అక్కడ నువ్వు నోరు తెరవకు. అడిగితే తల ఊపు చాలు" అని చెప్పింది. ఆ పిల్ల తల ఊపింది.

ఐలీన్ కిటికీ దగ్గర చక్రాలకుర్చీలో, కాళ్ళమీద ఊలు దుప్పటితో కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది. సీసా చూడగానే చేతులు చాచింది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, కథ మనది గనక మన మాటల్లోనే చెబుతాను. భూతద్దం కంటికి ఆనించుకుని సీసాలోకి చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. ఎనిమిది చేతులూ ఒక్కసారి ముడిచి, ఒక్కసారి విప్పి, పిల్లలు నీళ్ళలో పైకీ కిందికీ ఆడుతున్నాయి.

"నలభై ఏళ్ళు" అంది. "ఆ రోజు రేవులో వాన. నా బూట్ల నిండా నీళ్ళు. నాకు పిల్లల్లేరని అందరూ జాలిపడ్డారు రత్నా. వీళ్ళను చూడలేదు వాళ్ళు."

రత్నకుమారి నవ్వింది. నవ్వగలిగినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

ఐలీన్ పక్కనున్న సొరుగులోంచి చిన్న నోటుబుక్కు తీసింది. అందులో ఒక్కో మార్చికి ఒక్కో వరుస, సంవత్సరం, చల్లదనం, పుట్టిన పిల్లల లెక్క. "నా చేతులు వణుకుతున్నాయి. నలభయ్యో వరుస నువ్వు రాయమ్మా" అని నోటుబుక్కూ పెన్నూ కావ్యశ్రీకిచ్చింది. "ఇక చూసుకోవలసింది నువ్వే కదా. రత్న కూడా పెద్దదవుతోంది."

కావ్యశ్రీ పెన్ను పట్టుకుంది. 2023 అని రాసింది. పక్కన ఏం రాయాలో తెలియక పెన్ను ఆగిపోయింది. జీవితంలో ఏ పరీక్షలోనూ ఖాళీ వదలని పిల్ల అది, తెలియనిదానికి కూడా రెండు పేజీలు నింపగలదు. రత్నకుమారి వైపు చూసింది. రత్నకుమారి కళ్ళతోనే 'రాయి' అంది. ఆ పిల్ల పెన్ను నోటుబుక్కు మధ్య పెట్టి ఐలీన్ వైపు తిరిగింది.

"ఇవి అవి కావు మేడమ్. వాటిని నేను కడిగేశాను. పాచి అనుకున్నాను. అన్నీ పోయాయి."

ఐలీన్ ఆ పిల్లను చూసింది. తర్వాత మెల్లగా మెడ తిప్పి రత్నకుమారిని చూసింది.

"నువ్వా రత్నా?"

కడిగింది నువ్వా అని కాదు ఆ ప్రశ్న. రత్నకుమారికి అర్థమైంది. ఈ దేశంలో లిఫ్టులో భుజం తగిలినా సారీ, తలుపు పట్టుకున్నా సారీ. అరిగిపోయిన ఆ మాట నోట్లోకి రాలేదు. ఆవిడ కుర్చీ ముందు కింద కూలబడి, ఊలు మేజోళ్ళలో ఉన్న ఆ పాదాలు పట్టుకుంది. "తప్పయిపోయింది, తప్పయిపోయింది" అని తెలుగులో ఏడ్చింది. ఐలీన్‌కి ఆ భాష రాదు. పాదాలు మాత్రం వెనక్కి తీసుకుంది.

"లే" అంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "ఈ సీసాలోవి ఎక్కడివి?"

"టొరంటోలో తెలిసినతను ఇచ్చాడు. అతను అక్వేరియం షాపులో కొన్నాడట."

"ఏ సముద్రానివి?"

"తెలియదు."

"ఏ జాతి?"

రత్నకుమారి తల అడ్డంగా ఊపింది.

"అయితే తెలియదని రాయి. ముందు పాతవి ఎలా పోయాయో రాయి. తర్వాత కింద ఇది రాయి."

కావ్యశ్రీ నోటుబుక్కు అందించింది. రత్నకుమారి నేలమీదే కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రాసింది. 2023 మార్చి, 1983 నాటివి పోయాయి, గిన్నెలు తోమినందువల్ల. పొరపాటు సహాయకురాలిది, చెప్పకపోవడం రత్నకుమారిది. కింద ఇంకో వరుసలో, కొత్తవి ముప్ఫై, సముద్రం తెలియదు, జాతి తెలియదు. సీసామీది పాత లేబుల్ గోటితో గీకి తీసేసింది. ఐలీన్ ఆ రెండు వరుసలూ భూతద్దంతో చదివి, బుక్కు మూసి దుప్పటి మీద పెట్టుకుంది.

ఆ తర్వాత కావ్యశ్రీని దగ్గరికి పిలిచి, సీసా పైకెత్తి పట్టుకోమంది. ఎక్కడివో తెలియని ఆ పిల్లల్ని భోజనం ట్రే వచ్చేదాకా అలా చూస్తూనే ఉంది. ఏది చురుగ్గా ఉందో, దేనికి ఒక చెయ్యి పొట్టిగా ఉందో వేలితో చూపించింది. రత్నకుమారి వైపు మాత్రం చూడలేదు.